చెయ్యి చూసి వచ్చే చేపలు

ఆరోగ్య విభాగం ఆఫీసు వెనక పెరట్లో పన్నెండు సిమెంటు తొట్లు ఉండేవి. వాటిని చూసుకునే మనిషిని అందరూ గరిటె బాబాయి అనేవారు. పొడుగు కర్రకు బిగించిన తెల్ల గరిటె ఒకటి ఎప్పుడూ ఆయన సైకిలుకు కట్టి ఉండేది. ఏ గుంట కనబడినా దిగి, గరిటె ముంచి, పైకి తీసి, అందులో ఎన్ని దోమపురుగులు మెలికలు తిరుగుతున్నాయో చూసేవాడు. ఎక్కువగా ఉంటే ఆ గుంటకు చేపలు కావాలని రాసుకునేవాడు. ఆ చేపల్ని పెంచేదీ ఆయనే.

అవి గప్పీలు. పెద్దదైనా చిటికెన వేలిలో సగం ఉంటుంది. గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. ఆడది బూడిదరంగు. మగదానికి తోక దగ్గర కాస్త రంగు చుక్క. చూడ్డానికి ఏమీ ఉండదు. ఆకలి మాత్రం ఉంటుంది. దోమపురుగు కనబడితే వదలదు.

బాబాయి కాలువలు తీసే పనిలో చేరి, ముప్పై ఏడో ఏట ఈ తొట్ల దగ్గరికి వచ్చాడు. మొదటిరోజు పాత మనిషి తాళంచెవి చేతిలో పెట్టి, "వీటికి మేత ఎక్కువ వెయ్యకు. పంపే ముందురోజు అసలు వెయ్యకు. ఆకలితో పోవాలవి," అన్నాడు. బాబాయి తలూపాడు. ఎనిమిదేళ్ళు ఆ మాట మీదే నడిచాడు.

ఆయన భార్య దర్జీ దుకాణంలో కాజాలు కుట్టేది. రోజుకు రెండొందలు. రాత్రి కళ్ళు మూసుకున్నా కాజాలే కనిపిస్తాయనేది. ఒక సెలవురోజు అన్నం డబ్బా ఇచ్చి వెళ్దామని పెరట్లోకి వచ్చింది. ఆయన చేపల్ని పళ్ళెంలో పోసి లెక్కపెడుతున్నాడు. ఆమె వంగి చూసింది.

"ఏవండీ, దీన్ని పంపకండి."

"ఏం?"

"అంచు చూడండి. ఎవరో కూర్చుని కుట్టినట్టుంది."

ఒక మగచేప తోకకు సన్నటి నీలం గీత ఉంది. గీత ఎక్కడా తెగలేదు. బాబాయి దాన్ని వేరే తొట్టిలో వేశాడు. దానికి జతగా రెండు ఆడవి వేశాడు. అంతే జరిగింది ఆ రోజు.

ఆ తర్వాత ప్రతి సెలవుకూ ఆమె వచ్చేది. తొట్టి గట్టు మీద ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునేవారు. మధ్యలో తెల్ల పళ్ళెం. ఆమె ఏరేది, ఆయన వేసేవాడు. అంచువి తొట్టికి, బూడిదవి బకెట్టుకు. బకెట్టు గుంటలకు పోయేది.

"ఇది?"

"కుట్టు వంకర. బకెట్లో వెయ్యండి."

"పాపం, బానే ఉంది కదే."

"మా దుకాణం మేస్త్రీ అయితే విప్పి మళ్ళీ కుట్టమంటాడు. నేను కాబట్టి ఊరుకుంటున్నా."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ అంతసేపు కలిసి కూర్చున్న పని మరొకటి లేదు. ఏళ్ళు గడిచేకొద్దీ నీలం అంచు వెడల్పయింది. తోకలు సాగాయి. నీళ్ళలో బట్ట ఆరేసినట్టు ఊగేవి. అప్పటి ఆఫీసరు చూసి మురిసిపోయి, ఆఫీసు గుమ్మంలో గాజుతొట్టి పెట్టించాడు. పైనుంచి ఎవరొచ్చినా ముందు పెరట్లోకి తీసుకొచ్చేవాడు. బాబాయి పొడి మేత గుప్పిట్లో పట్టుకుని చెయ్యి చాపేవాడు. నీడ పడితే చాలు, తొట్టిలో చేపలన్నీ ఒక్కసారిగా చెయ్యి కిందికి వచ్చేవి. వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టేవారు.

"నా చెయ్యి గుర్తుపడతాయండీ," అనేవాడు.

దోమపురుగులకు ఊపిరాడకుండా గుంటల మీద నూనె కొట్టే ముఠాకు మేస్త్రీ ఒకడున్నాడు. ఆయన కన్నా పదేళ్ళు చిన్న. నోటికి తాళం లేదు.

"బాబాయ్, నీ చేపలకి పురుగుని చూపిస్తే కెవ్వుమంటాయేమో. కాస్త చూసి పంపు."

"నీ నూనె వాసనకి మనుషులే కెవ్వుమంటున్నారు. ముందు అది చూసుకో."

నవ్వుకునేవారు. బూడిదవాటి తొట్లు పదినుంచి ఆరయ్యాయి. ఆరునుంచి మూడు. ఎప్పుడు ఒక్కటీ లేకుండా పోయాయో బాబాయికి గుర్తు లేదు. అవి ఒక్కరోజులో పోయినవి కావు. గుంటలకు కూడా అంచువే పోతున్నాయని తెలుసు. గప్పీ గప్పీయే కదా అనుకున్నాడు.

కొత్త ఆఫీసరు వచ్చింది. నలభై దాటని మనిషి. గట్టిగా మాట్లాడదు. రెండో రోజే పెరడంతా నడిచి, రిజిస్టర్లు తెప్పించుకుని, తొట్టి గట్టు మీదే కూర్చుని చదివింది.

"ఏ గుంటలో ఎన్ని చేపలు వదిలారో రాశారు. బాగుంది. వదిలిన తర్వాత గరిటె ముంచినట్టు ఎక్కడా లేదే?"

"వదిలాక ఇంకెందుకులే అని, మేడమ్. తింటాయి కదా."

"తిన్నాయని ఎవరు చూశారు?"

పదకొండేళ్ళుగా ఎవరూ చూడలేదు.

ఆమె కోప్పడలేదు. నూనె కొట్టే బళ్ళు వానలో తడిసి తుప్పు పడుతున్నాయనీ, షెడ్డుకు ఈ పెరడు తప్ప చోటు లేదనీ చెప్పింది. "ఒక గుంట మీరే ఎంచుకోండి. ఇవాళ పదిసార్లు ముంచి లెక్క రాద్దాం. చేపలు వదలండి. ఇరవై ఎనిమిదో రోజున మళ్ళీ పదిసార్లు ముంచుదాం. సగానికి తగ్గితే తొట్ల జోలికి ఎవరూ రారు. తగ్గకపోతే షెడ్డు."

కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టారు.

పాత ఇటుకబట్టీ దగ్గర మట్టి తవ్వగా మిగిలిన గుంట ఒకటుంది. చుట్టూ ఇళ్ళు. ఒకవైపు నాలుగు రాతిమెట్లు, మిగతా మూడు వైపులా నీళ్ళమీదికి వాలిన గడ్డి. బాబాయి దాన్నే ఎంచుకున్నాడు. గడ్డి కింద పదిసార్లు ముంచాడు. నూట ఎనభై ఆరు పురుగులు. ఆఫీసరు రాసుకుంది. ఆ సాయంత్రమే డ్రమ్ముల్లో రెండువేల చేపలు తెచ్చి మెట్ల దగ్గర వదిలాడు. నీళ్ళు ఒక్క క్షణం నీలంగా అయ్యాయి.

మెట్ల పక్కనే ఒక ఇస్త్రీ బండి. బండి ఆమె అరవై దాటిన మనిషి. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి వచ్చి చూసింది.

"తమ్ముడూ, ఇంత అందమైనవాటిని మా మురికి గుంటలో పోశావేంటి?"

"దోమలు పోవాలని, అక్కా."

"దోమలు పోవడం సంగతేమోగానీ, నా బేరం పోయేలా ఉంది. ఇవి చూస్తూ చొక్కా కాలుస్తాను."

నాలుగురోజుల్లో గుంట పేరు పాకింది. సాయంత్రం అయ్యేసరికి మెట్ల మీద చోటుండేది కాదు. పిల్లల్ని ఎత్తుకుని వచ్చేవారు. బిస్కెట్టు ముక్కలు వేసేవారు. తోకలు చూస్తూ, పిక్కల మీద టప్ టప్‌మని దోమల్ని కొట్టుకుంటూ, చీకటి పడేదాకా కూర్చునేవారు.

ఏడోరోజు పొద్దున బాబాయి ఒక్కడే వచ్చాడు. మెట్ల దగ్గర గరిటె ముంచాడు. ఒక్క పురుగూ లేదు. గుండె కుదుటపడింది. గట్టు చుట్టూ నడిచి గడ్డి కింద ముంచాడు. గరిటె నిండా పురుగులే. ఇంకోచోట ముంచాడు. అక్కడా అంతే.

తిరిగొచ్చి మెట్ల మీద నిలబడ్డాడు. ఆయన నీడ నీళ్ళమీద పడింది. చేపలన్నీ వచ్చాయి. ఒకదానిమీద ఒకటి ఎక్కి, నోళ్ళు తెరిచి, నీడ కింద ఆగాయి. ఆయన పక్కకు జరిగాడు. అవీ జరిగాయి. గడ్డిలో వాటికి కావలసినంత తిండి ఉంది. అది తిండి అని వాటికి తెలియదు. ఎన్ని తరాల నుంచో వాటికి తిండి పైనుంచి పడేది. చేతిలోంచి పడేది.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. కలపలేదు.

"అవి పురుగుల దగ్గరికి పోవట్లేదు," అన్నాడు.

"మరి ఏం చేస్తున్నాయి?"

"నా కోసం చూస్తున్నాయి."

భార్య నీళ్ళ చెంబు ఆయన ముందుకు జరిపింది. "పంపే ముందురోజు మేత ఆపాలని మీరే చెప్పేవారు కదా," అంది.

"ఆపాను. ఒక్కరోజు ఆపితే చాలదు ఇప్పుడు."

చేయగలిగింది చేశాడు. చేపలకు ఏమీ వెయ్యొద్దని అట్టమీద రాసి మెట్ల దగ్గర కట్టాడు. చదివి కూడా వేసేవారు. ఇస్త్రీ ఆమెను బతిమాలాడు. ఆమె తను మానేసింది, వేసేవాళ్ళని తిట్టింది. చేపలు చిక్కాయి. కొన్ని గడ్డి దాకా వెళ్ళాయి. పొడుగు తోకలు గడ్డి పోచల్లో చిక్కుకుంటే మళ్ళీ వెనక్కి వచ్చాయి. ఈలోగా కొంగలు కనిపెట్టాయి. లోతులేని నీళ్ళలో, ఎండలో, నీలం రంగు చాలా దూరానికి కనిపిస్తుంది. మొదట రెండు వచ్చాయి. తర్వాత తొమ్మిది. మెట్ల మీద మనుషుల్లాగే వరసగా నిలబడేవి. పన్నెండోరోజుకు చేపలు సగం లేవు.

ఆ రోజే ఆయనకు రైలు గోదాము వెనక కాలువ గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ళ కిందట, ఏరగా మిగిలిన బూడిదవాటిని అందులో పోసేవాడు. ఎవరూ మేత వెయ్యని చోటు అది. బతికి ఉంటే ఇప్పటికి లక్ష ఉంటాయి. సైకిలు ఆఫీసు వైపు తిప్పి, నూనె మేస్త్రీని వల అడిగాడు.

"ఏ కాలువ బాబాయ్?"

"గోదాము వెనకది."

మేస్త్రీ మొహంలో నవ్వు ఆగింది. "మొన్న పదో తారీఖున నూనె కొట్టాం దాంట్లో. వరసలో అది వచ్చింది. అందులో నీవి ఉన్నాయని నాకేం తెలుసు? చెప్పొద్దా?"

"నేనే మర్చిపోయాను."

వల ఇచ్చాడు మేస్త్రీ. వేళాకోళం లేకుండా అతను ఒక పని చెయ్యడం బాబాయి మొదటిసారి చూశాడు.

మర్నాడు భార్య దుకాణానికి సెలవు పెట్టింది. ఇద్దరూ మోకాళ్ళ లోతు నీళ్ళలో పొద్దుటినుంచి వెతికారు. నీళ్ళమీద ఇంకా నూనె మెరుపు ఉంది. వంతెన వంపు కింద, నూనె చేరని మూల ఒకటి దొరికింది. అక్కడ వల వేశారు. సాయంత్రానికి నలభై ఒక్క చేపలు. చిన్నవి, బూడిదవి. మగవాటి తోక దగ్గర తుప్పు చుక్కలాంటిది ఏదో ఉంది.

ఆమె పళ్ళెంలో కొన్నిటిని పోసి చెయ్యి చాపింది. నీడ పడగానే అవి చెదిరి పళ్ళెం అంచులకు కొట్టుకున్నాయి. ఒక్కటీ చెయ్యి దగ్గరికి రాలేదు.

"వీటిని నేనే వద్దన్నాను," అంది.

"నువ్వు ఏరావు. వేసింది నేను."

"ఎవరైతే ఏముంది లెండి."

ఇటుకబట్టీ గుంటలో, మెట్లకు ఎదురుగా ఉన్న గడ్డిలో వాటిని వదిలాడు. కంటికి ఆనకుండా పోయాయి. ఎక్కడికి పోయాయో చూద్దామంటే కూడా వీల్లేకపోయింది. గట్టుమీద కూర్చుని వేళ్ళు మడిచాడు. ఇంకా పదిహేను రోజులు. ఈ లోపు ఒక్క ఈతకు మించి రాదు. అందులో బతికేవి సగం. గుంట నిండాలంటే మూడు నెలలు కావాలి.

ఆఫీసరు దగ్గరికి వెళ్ళి అడిగాడు. "మూడు నెలలు గడువిప్పించండి, మేడమ్. సరైన చేపలు ఇప్పుడు దొరికాయి."

"ఇన్నాళ్ళూ వదిలినవి సరైనవి కాదా?"

"కాదు, మేడమ్."

ఆమె కలం మూతపెట్టింది. ఆయన ఒప్పుకుంటాడని అనుకోలేదేమో. "ఇంకో నెలన్నరలో జ్వరాలు ముదురుతాయి. మీ చేపలు పెరిగేదాకా ఆగమని ఆ ఇళ్ళవాళ్ళకి మీరు చెప్పగలరా?"

బాబాయి లేచి వచ్చేశాడు.

ఇరవై ఎనిమిదో రోజు పొద్దున ఆఫీసరు నోటుపుస్తకంతో గుంట దగ్గరికి వచ్చింది. నూనె మేస్త్రీ కూడా వచ్చాడు. ఇస్త్రీ బండి దగ్గర ఆ రోజు బట్టల మూటలు విప్పలేదు. బండి కింద నీడలో ఆమె మనవరాలు పడుకుని ఉంది. అంత ఎండలోనూ గడ్డం దాకా దుప్పటి.

"మూడురోజులైంది తమ్ముడూ," అంది ఇస్త్రీ ఆమె. "తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తోంది."

బాబాయి సైకిలు మీంచి గరిటె విప్పాడు. ఆఫీసరు, "మీరే ముంచండి. ఎక్కడ ముంచాలో మీకే బాగా తెలుసు," అంది.

తెలుసు. ఆయన మెట్ల మీద నిలబడి ఉన్నాడు. మిగిలిన చేపలు, మూడొందలుంటాయేమో, నీడ కిందికి వచ్చి ఆగాయి. ఇక్కడ పదిసార్లు ముంచితే పదిసార్లూ గరిటె ఖాళీగా వస్తుంది. ఆఫీసరుకు గుంటల సంగతి తెలియదు. ఇది అబద్ధం కూడా కాదు. అదే గుంట, అదే గరిటె. తొట్లు ఉంటాయి. బూడిదవాటిని అందులో పెట్టి, మేత కట్టేసి, మొదట్నుంచి మొదలుపెట్టవచ్చు. ఏడాదిలో ఊరంతటికీ సరిపోతాయి. ఆ ఏడాదంతా ఈ గుంటకు నూనె పడదు. చేపలు పని చేస్తున్నాయని కాగితం చెబుతుంది.

బండి కింద దుప్పటి కదిలింది.

గరిటె భుజాన వేసుకుని గట్టు చుట్టూ నడిచాడు. గడ్డి వైపు దిగాడు. మొదటిసారి ముంచి తీశాడు.

"పందొమ్మిది," అన్నాడు.

ఆఫీసరు రాసుకుంది.

"ఇరవై రెండు."

"పదిహేడు."

ఎప్పుడూ ముంచినట్టే ముంచాడు, గరిటె వాలుగా దించి, నీళ్ళు తమంతట తాము లోపలికి వచ్చేలా. ఎనిమిదోసారి మెట్లకు ఎదురుగా ఉన్న గడ్డిలో ముంచాడు. గరిటెలోకి చూసి ఆగాడు.

"మూడు."

"మూడేనా?" ఆఫీసరు తలెత్తింది. "ఇక్కడెందుకు తక్కువ?"

"ఇక్కడ వేరే చేపలున్నాయి."

"ఎన్ని?"

"నలభై ఒకటి వేశాను."

ఆమె మూడు అని రాసింది. పక్కన ఇంకేమీ రాయలేదు. మిగతా రెండుసార్లూ ముంచాడు. మొత్తం నూట డెబ్బై ఒకటి.

మేస్త్రీ దగ్గరికొచ్చి గరిటె అందుకుని తనే సైకిలుకు కట్టాడు. "మెట్ల దగ్గర ముంచి ఉంటే అయిపోయేది కదా బాబాయ్," అన్నాడు, ఆఫీసరుకు వినబడకుండా.

"పురుగు ఉన్నచోట ముంచాలిరా."

"అది కాదు నేననేది."

"తెలుసు."

ఇంట్లో భార్య కాజాలు కుడుతోంది. దుకాణంలో మిగిలిన చొక్కాలు ఇంటికి తెచ్చుకుంది. ఆయన చెప్పులు విప్పే తీరు చూసి అడిగింది.

"ఎక్కడ ముంచారు?"

"గడ్డి వైపు."

"పదిసార్లూనా?"

"పదిసార్లూ."

దారం పళ్ళతో కొరికింది. ఇంకో చొక్కా అందుకుంది. కాజా చోటు గుర్తుపెట్టుకోవడానికి సుద్దముక్క కోసం తడుముకుంది. సుద్దముక్క ఆమె ఒళ్ళోనే ఉంది.

తొట్లు ఖాళీ చెయ్యడానికి వారం పట్టింది. అంచు చేపల్ని ఆఫీసువాళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారు. పిల్లలకని ఒకరు, గుమ్మంలో పెట్టుకుందామని ఒకరు. కొందరు సీసా మూత కూడా వదులు చేయలేదు. బాబాయి వెనకాలే పరుగెత్తి, గాలి ఆడాలని చెప్పి వచ్చేవాడు. ఆఖరి తొట్టిలో ఇరవై చేపలు మిగిలినప్పుడు భార్యను పిలిపించాడు. తెల్ల పళ్ళెం కడిగి పెట్టాడు.

"ఇంటికి రెండు తీసుకుందాం. చూసి చెప్పు."

ఆమె గట్టుమీద కూర్చోలేదు. నిలబడే పళ్ళెంలోకి చూసింది. అందులో ఒకదాని తోక నిండా నీలమే. అంచు దాటి, గుడ్డంతా పరుచుకున్నట్టు. పదకొండేళ్ళ కిందటి చేపకు అది ఎన్నో మునిమనవడో.

"వద్దండీ," అంది. "నేనిక ఏరను."

ఆ మధ్యాహ్నం లారీ వచ్చి తొట్లలో రాళ్ళూ మట్టీ పోసింది.

బాబాయికి ఉద్యోగం పోలేదు. ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉంది. నూనె ముఠాలో వేశారు. మేస్త్రీ ఆయనకు తేలికైన డబ్బా చూసి ఇచ్చాడు. భుజానికి పట్టీ బిగించి, గొట్టం చేతికిచ్చి, గాలి ఎలా కొట్టాలో చూపించాడు. వరసలో మొదటి గుంట ఇటుకబట్టీదే వచ్చింది.

"నువ్వు మన బండి దగ్గర ఉండు బాబాయ్. ఇది మేం చూసుకుంటాం."

"ఉంటే ఎవరు కొడతారు? ఎక్కడ కొట్టాలో మీకు తెలియదు."

ఇస్త్రీ బండి మూసి ఉంది. మనవరాలిని ఆసుపత్రిలో ఉంచారని పక్కింటివాళ్ళు చెప్పారు. బాబాయి గట్టు చుట్టూ నడిచి గడ్డి వైపు దిగాడు. మూడు వైపులా గడ్డి మొదళ్ళలో కొట్టాడు. మెట్లకు ఎదురుగా ఉన్న చోటికి వచ్చినప్పుడు చెయ్యి ఆగింది. నీళ్ళలోకి చూశాడు. ఏమీ కనబడలేదు. అక్కడా కొట్టాడు. నూనె పలచగా విచ్చుకుని, రంగురంగులుగా మెరుస్తూ, నీళ్ళ మధ్యకు కదిలింది.

డబ్బా దించి మెట్ల దగ్గరికి వచ్చాడు. నీడ పడగానే అవి వచ్చాయి. వందకు మించి ఉండవు. తోకలు చిరిగి ఉన్నాయి. మేస్త్రీ దూరం నుంచి చూశాడు.

నూనె మెట్ల దాకా రావడానికి కాసేపు పడుతుంది. బాబాయి ఆఖరి మెట్టు మీద కూర్చుని, నూనె అంటని ఎడమచెయ్యి నీళ్ళలో పెట్టాడు. చేతిలో ఏమీ లేదు. అయినా అవి వేళ్ళ చుట్టూ చేరాయి. ఆ కాసేపూ చెయ్యి తియ్యలేదు.